అమ్మ వేసిన బొమ్మలు, కుట్టిన గుడ్డలు: పంచుకునే ముందు ఎలా నమోదు చెయ్యాలి?

కుంచెపెట్టె (ప్రశ్న)

అమ్మ తొంభై నాలుగేళ్లు బతికింది. ఇరవయ్యో ఏట మొదలుపెట్టి, ఆఖరి రెండేళ్లు తప్ప, చెయ్యి ఖాళీగా పెట్టుకోలేదు. మొదట్లో పెన్సిలు, నీటిరంగులు. నడివయసులో ఆయిల్ పెయింటింగులు. తర్వాత చాలాకాలం ఎంబ్రాయిడరీ. ఎనభై దాటాక మళ్లీ అరచేతి సైజు నీటిరంగులు.

ఇప్పుడు మా ముందున్నవి: ఫ్రేములు ఉన్నవీ లేనివీ కలిపి డెబ్భై దాకా కాన్వాసులు, అట్టపెట్టెల్లో రెండొందల పైచిలుకు కాగితం బొమ్మలు, పదకొండు స్కెచ్ పుస్తకాలు, ముప్పై నలభై కుట్టుపని గుడ్డలు, మనవలకు కథలు చెబుతూ రికార్డు చేసిన ఆరు క్యాసెట్లు, ఒక ఫొటో ఆల్బం. సగానికి పైగా వాటిమీద తేదీ లేదు.

మేం నలుగురు పిల్లలం. పంచుకునేలోపు అన్నీ ఒక క్రమంలో పెట్టి, ఆమె జీవితం మనవలకు అర్థమయ్యేలా ఒక పుస్తకం వెయ్యాలని ఉంది. ముందు దుమ్ము దులిపి, మాసినవి ఉతికి, ఫొటోలు తీస్తే సరిపోతుందా? తేదీలు లేనివాటిని ఎక్కడ పెట్టాలి? స్కానింగ్ ఎంత రిజల్యూషన్లో చేయించాలి? ఈ పని తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

పాతకాగితం

దులపడం, ఉతకడం రెండూ ఆపండి. సర్దడం కూడా ఆపండి. ఏ అట్టపెట్టెలో ఏ బొమ్మ పక్కన ఏది ఉందో, అదే ఒక ఆధారం. మీ అమ్మగారు ఒక కట్టగా కట్టి పెట్టారంటే అవి ఒక కాలానివో ఒక ఊహకు చెందినవో అయ్యే అవకాశం ఎక్కువ. అందుకే మొదట ఫోనుతోనే ప్రతి పెట్టెనీ మూత తీసినట్టుగా ఒకటి, పొర తీసిన కొద్దీ ఒకటి ఫొటో తీసుకోండి. అందంగా రానక్కర్లేదు.

తర్వాత నంబర్లు. పెట్టె అక్షరం, దాంట్లో వరస సంఖ్య: ‘ఇ-014’ అన్నట్టు. నంబరులో సంవత్సరం పెట్టొద్దు, ఎందుకంటే తేదీ తర్వాత మారితే నంబరూ మార్చాల్సొస్తుంది. కాగితం బొమ్మ వెనక, కింది మూల, మెత్తటి 2బి పెన్సిలుతో నొక్కకుండా రాయాలి. కాగితాన్ని గట్టి నున్నటి బల్ల మీద బోర్లా పెట్టి రాస్తే ముందువైపు అచ్చు పడదు. బాల్ పెన్ను సిరా ఏళ్లు గడిచాక ముందుకు ఊరుతుంది. అంటించే లేబుళ్ల జిగురు పసుపురంగు మరకవుతుంది. సెల్లోటేపు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాన్వాసుకైతే వెనకనున్న చెక్క చట్రం మీద రాయండి, గుడ్డమీద వద్దు.

ఇక అసలు సంగతి: ప్రతి బొమ్మకీ వెనకవైపు ఫొటో తప్పనిసరి. చాలామంది ముందువైపు వందసార్లు తీసి వెనక్కి తిప్పనే తిప్పరు. తేదీలు, కొన్నచోటి ముద్రలు, ఫ్రేము కట్టినవాళ్ల చీటీ, కుంచె తుడిచిన రంగులు, సగం గీసి వదిలేసిన మరో బొమ్మ, అన్నీ అక్కడే దొరుకుతాయి. మేరీ డెలానీ అనే ఆవిడ డెబ్భై రెండేళ్ల వయసులో రంగుకాగితాలు కత్తిరించి పూలబొమ్మలు అంటించడం మొదలుపెట్టి, చూపు మందగించేదాకా పదేళ్లలో వెయ్యికి కాస్త తక్కువగా చేసింది. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కో బొమ్మకీ మొక్క పేరు, తేదీ, చేసిన చోటు రాసిపెట్టుకోబట్టే ఆ పదేళ్లలో ఆవిడ ఎక్కడెక్కడ ఉందో ఈనాటికీ తెలుస్తోంది. మీ అమ్మగారు రాయకపోయినా ఆనవాళ్లు ఉంటాయి, ఏరుకోవాలి.

తేదీ లేనివాటికి ఇలా చెయ్యండి. తేదీ ఉన్న బొమ్మల్లోంచి సంతకాలు మాత్రం కత్తిరించి (ఫొటోల్లోంచి!) ఒకే పేజీలో సంవత్సరాల వరసన పెట్టుకోండి. సంతకం ఎప్పుడు పొట్టిదైంది, ఎప్పుడు ఇంటిపేరు మారింది, ఎప్పుడు కుడిమూల నుంచి ఎడమమూలకి వెళ్లింది కనబడిపోతుంది. విడికాగితాలను స్కెచ్ పుస్తకాల్లో చిరిగిన మొదళ్లతో ఆనించి చూడండి. స్పైరల్ పుస్తకమైతే బెజ్జాల లెక్క, వాటి మధ్య దూరం సరిపోవాలి. మామూలు పుస్తకమైతే చిరుగు అంచులోని గీతలు కలవాలి. ఒక్క పేజీకి తేదీ ఉంటే ఆ పుస్తకమంతటికీ హద్దు దొరికినట్టే. ఒక జాగ్రత్త: చాలామంది స్కెచ్ పుస్తకాన్ని రెండువైపులనుంచీ నింపుతారు. పేజీలు తలకిందులుగా కనిపిస్తే కాలం అటునుంచి వస్తోందని గుర్తు.

ఫ్రేము వెనక అతికించిన వార్తాపత్రిక తేదీ ఫ్రేము కట్టిన తేదీకి దగ్గర, బొమ్మ వేసిన తేదీ కాదు. కాన్వాసు అంచున వాడని మేకు బెజ్జాలు కనిపిస్తే దాన్ని ఒకసారి విప్పి మళ్లీ బిగించారన్నమాట. చీకటిగదిలో అతినీలలోహిత టార్చి వేస్తే, 1950 ప్రాంతం తర్వాత కాగితాల్లో కలపడం మొదలుపెట్టిన తెలుపుమందు నీలంగా మెరుస్తుంది. మెరిస్తే ఆ తర్వాతిది. మెరవకపోతే మాత్రం పాతదని తేల్చలేం, మంచి డ్రాయింగ్ కాగితాల్లో ఇప్పటికీ అది కలపనివి ఉన్నాయి.

పట్టికలో ‘తేదీ’ అని ఒకటే గడి పెట్టకండి. ‘ఎప్పటినుంచి’, ‘ఎప్పటిలోపు’, ‘ఎలా తెలిసింది’ అని మూడు పెట్టండి. మూడో గడిలో ‘బొమ్మమీద రాసుంది’, ‘పెద్దమ్మాయి చెప్పింది’, ‘సంతకాన్ని బట్టి’ అని రాయాలి. పెద్దల జ్ఞాపకం రాసుకోవడానికి కూడా పట్టిక కన్నా బొమ్మలే మేలు. ‘అప్పట్లో ఎలా ఉండేది’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. బొమ్మ చేతికిచ్చి ‘ఈ కిటికీ ఎక్కడిది?’ అంటే ఇల్లు, వీధి, ఏ బిడ్డ కడుపులో ఉన్నప్పుడో అన్నీ వస్తాయి.

---

వెలుతురుగది

ఫొటోలు, స్కానింగ్ సంగతి నేను చెబుతాను.

ఆయిల్ పెయింటింగులకి స్కానర్ కాదు, కెమెరా. బొమ్మను గోడకి నిటారుగా ఆనించి, రెండు ఒకేరకం లైట్లు కుడి ఎడమల 45 డిగ్రీల కోణంలో, బొమ్మకి సమాన దూరంలో పెట్టాలి. గదిలో మిగతా లైట్లు ఆర్పెయ్యాలి, కిటికీ తెరలు వెయ్యాలి. రెండురకాల వెలుతురు కలిస్తే రంగు దిద్దడం ఎవరి తరమూ కాదు. కెమెరా స్టాండు మీద, ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్, రా ఫైలు (కెమెరా ఏమీ దిద్దకుండా దాచే ఫైలు). లెన్సు 50 నుంచి 100 మి.మీ. మధ్య. ఫోనే ఉంటే 1ఎక్స్ వద్దు, రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లో తియ్యండి, అంచులు ఉబ్బినట్టు రావు.

కెమెరా బొమ్మకి సమాంతరంగా ఉందో లేదో కంటితో చూసి తేల్చలేం. బొమ్మ పెట్టకముందే, దాని మధ్యభాగం వచ్చేచోట గోడకి చిన్న అద్దం ఆనించండి. కెమెరాలో చూస్తే అద్దంలో లెన్సు సరిగ్గా మధ్యలో కనిపించాలి. పక్కకుంటే స్టాండు జరపాలి. గోడ ఎంత నిటారో బొమ్మా అంతే నిటారుగా ఉండాలి సుమా. కింద జారి ఏటవాలుగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. ప్రతి విడత మొదటి ఫొటోలో బూడిదరంగు కార్డు పెట్టి తీస్తే తర్వాత తెలుపు సరిచేసుకోవడం ఒక్క క్లిక్కు పని. వార్నిష్ మెరుపు పోకపోతే లైట్లకి పోలరైజింగ్ షీట్లు, లెన్సుకి పోలరైజింగ్ ఫిల్టర్ వేసి, మెరుపు మాయమయ్యేదాకా ఫిల్టర్ తిప్పాలి. దీంతో రంగులు కాస్త ముదురుగా వస్తాయి కాబట్టి ఫిల్టర్ లేనిది కూడా ఒకటి తీసిపెట్టుకోండి.

ముఖ్యమైన పది పదిహేను కాన్వాసులకి ఒక పక్కనుంచే, గోడకి దాదాపు రాసుకుంటూ వెళ్లే వెలుతురులో ఇంకో ఫొటో తియ్యండి. కుంచె దెబ్బలు, కత్తితో గీకినచోట్లు, కింద పూడ్చేసిన పాతబొమ్మ గట్లు పైకి లేస్తాయి. చెయ్యి ఎటునుంచి ఎటు కదిలిందో అందులో చూసినంత బాగా మరెక్కడా తెలియదు.

గాజు వెనకున్నవాటిని తొందరపడి విప్పకండి. పాస్టెల్, చార్‌కోల్ బొమ్మలు గాజుకి అంటుకుని ఉంటే గీతలు గాజుతోపాటు వచ్చేస్తాయి. గాజుతోనే తీసేటప్పుడు కెమెరా చుట్టూ నల్లగుడ్డ కట్టి, లెన్సుకి మాత్రం బెజ్జం వదిలితే ప్రతిబింబం పోతుంది.

కాగితం బొమ్మలకి ఫ్లాట్‌బెడ్ స్కానర్. 600 పీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు), 24 బిట్ కలర్, టిఫ్ ఫైలు. పెన్సిలు బొమ్మయినా కలర్లోనే చెయ్యాలి. కాగితం పసుపు, మరక, పెన్సిలు బూడిదరంగు విడివిడిగా కనబడేది అప్పుడే. ఏ4 కాగితం ఒక్కోటి సుమారు 100 ఎంబీ వస్తుంది, డిస్కు లెక్క ముందే వేసుకోండి. స్కానర్లోని ‘ఆటో కరెక్షన్’, ‘డస్ట్ రిమూవల్’ ఆపెయ్యాలి, అవి పెన్సిలు చుక్కల్ని దుమ్మనుకుని తుడిచేస్తాయి. పాస్టెల్‌నీ, మందంగా రంగుపెట్టిన చిక్కటి నీటిరంగు గువాష్‌నీ స్కానర్ గాజుమీద బోర్లించొద్దు. స్కెచ్ పుస్తకాన్ని మూత నొక్కి పరిస్తే వెన్ను విరుగుతుంది. దాన్ని సగమే తెరిచి, కింద దిండు ఎత్తుపెట్టి కెమెరాతో తియ్యండి. ఖాళీ పేజీలూ వదలకూడదు. నెగెటివులుంటే 35 మి.మీ.వి 3000 పీపీఐ చాలు, పొడవువైపు 4250 పిక్సెళ్లు వస్తాయి.

కాపీలు మూడు: రెండు వేర్వేరు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే ఇంట్లో. మీరు నలుగురున్నారు కాబట్టి ఇది తేలికే.

---

సూదిబెజ్జం

కుట్టుపని గురించి ఎవరూ రాయలేదు, ఎప్పుడూ అంతే.

ఉతకొద్దు అన్నమాట గుడ్డలకి రెండింతలు వర్తిస్తుంది. పాత దారాల్లో ఎరుపు, నలుపు, ముదురు నీలం ఎక్కువగా రంగు వదులుతాయి. తప్పనిసరైతే మొదట గుడ్డ వెనకవైపు, ముడి దగ్గర, ఒక్కో రంగు దారం మీదా తడి దూది అద్ది, తెల్ల బ్లాటింగ్ కాగితం పెట్టి రెండు నిమిషాలు నొక్కండి. తర్వాత సబ్బునీళ్లతో ఇంకోసారి. ఒక్క రంగు దిగినా నీళ్లు ముట్టించొద్దు. దుమ్ముకి వాక్యూం క్లీనర్ ని అతి తక్కువ జోరులో పెట్టి, గొట్టానికీ గుడ్డకీ మధ్య నైలాన్ వల పరిచి తియ్యాలి. పూసలు, చెమ్కీ ఉన్నచోట అదీ వద్దు.

పురుగు ఉందనిపిస్తే కలరా ఉండలు వెయ్యకండి. మూటకట్టి, పాలిథిన్ సంచిలో గాలి తీసేసి మూసి, ఇంటి డీప్ ఫ్రీజర్లో మైనస్ 18లో రెండువారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే తేమ గుడ్డమీదే కూర్చుంటుంది. రంగులు పూసిన గుడ్డకీ, గాజుపూసలున్నదానికీ ఈ పద్ధతి వాడొద్దు.

మడతపెట్టి దాచితే దారం మడతదగ్గరే తెగుతుంది. లావాటి అట్టగొట్టానికి ఆమ్లం లేని టిష్యూ కాగితం చుట్టి, కుట్టు బయటివైపుకి వచ్చేలా వదులుగా చుట్టండి. నంబరు గుడ్డమీద రాయకుండా, పలచని కాటన్ నాడా ముక్కమీద రాసి, అంచు మడతలో రెండు వదులు కుట్లతో పట్టించాలి.

నమోదు చేసేటప్పుడు ‘ఎంబ్రాయిడరీ, పూలు’ అని రాసి వదిలెయ్యకండి. ఏ కుట్టు (కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు...), ఎన్ని పోగుల దారం, ఒక సెంటీమీటరులో ఎన్ని కుట్లు. కాడకుట్టులో సెంటీమీటరుకి ఆరేడు పడే చెయ్యి, తర్వాతి గుడ్డల్లో నాలుగుకి వచ్చిందంటే అది కళ్లో వేళ్లో చెబుతున్న సంగతి. తేదీ లేని గుడ్డల్ని వరసపెట్టడానికి సంతకం లాంటిది ఇదే. వెనకవైపు కూడా చూడండి: దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి ఎలా దూకింది, ముడి వేశారా లేక కుట్ల కింద దూర్చారా అన్నది మనిషికి మనిషికి వేరు. మీ ఇంట్లో ఇంకెవరైనా కుట్టినవి కలిసిపోయి ఉంటే విడదీయడానికి అదే దారి.

---

కుంచెపెట్టె

చాలా థాంక్సండీ. వెనకవైపు సంగతి మాకు తట్టనే లేదు. మరి మూడు విషయాలు. రెండు కాన్వాసుల వెనక తెల్లటి బూజు ఉంది. ఎనభై దాటాక వేసిన నీటిరంగులన్నీ ఇటుకరంగులో, మసకగా ఉన్నాయి, ఫొటోల్లో రంగు సరిచేస్తే తప్పా? ఆల్బం జిగురు పేజీలది, పైన ప్లాస్టిక్ పొర ఉంది, ఫొటోలు ఊడి రావడం లేదు.

---

పాతకాగితం

బూజువి ముందు వేరే గదిలోకి మార్చండి. తేమగా ఉన్నవాటిని ప్లాస్టిక్ లో చుట్టొద్దు. గాలిలో తేమ 65 శాతం దాటితేనే బూజు పెరుగుతుంది కాబట్టి, పొడిగా ఉన్న గదిలో గోడకి దూరంగా, నీడలో ఆరనివ్వండి. బూజు పొడిపొడిగా అయ్యాక ఆరుబయట, ఎన్95 మాస్కు పెట్టుకుని, మెత్తటి కుంచెతో కాన్వాసు వెనకవైపు మాత్రమే దులపండి. ముందువైపు రంగు పెచ్చులు లేస్తుంటే కుంచె కూడా తగలనివ్వకుండా చిత్రాలు బాగుచేసే నిపుణులకి చూపించండి. ఉల్లిపాయ, బంగాళాదుంప, బ్రెడ్డు ముక్కతో రుద్దమనే చిట్కాలు ఎవరు చెప్పినా వినకండి: వాటి రసం, పిండి మిగిలి బూజుకే తిండి అవుతుంది.

రంగు సరిచెయ్యకండి. వయసుతో కంటిలెన్సు పచ్చబడి, శుక్లాలు ముదిరేకొద్దీ నీలం సరిగ్గా లోపలికి చేరదు. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకి 1912లో శుక్లాలని తేలింది, 1923లో కుడికంటికి ఆపరేషన్ అయ్యింది. ఆ రెండు తేదీల నడుమ ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి ఎలా జరిగాయో పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మీ అమ్మగారి కంటి ఆపరేషన్ తేదీ ఆసుపత్రి కాగితాల్లో దొరికితే పట్టికలో రాయండి. ఆ తర్వాతి బొమ్మల్లో నీలం తిరిగొచ్చిందేమో చూడండి. తేదీలేని వాటికి అదొక గట్టి హద్దు. అయితే ఒకటి: నీటిరంగు ఎండకి వెలిసిపోయి కూడా ఇలా అవుతుంది. బొమ్మ చుట్టూ పెట్టిన మౌంటు అట్ట కింద దాగిన అంచుని చూడండి. అక్కడ రంగు చిక్కగా ఉండి, బయట పాలిపోతే అది వెలుతురు పని. అంచుకీ మధ్యకీ తేడా లేకపోతే ఆవిడ వేసిందే ఆ రంగు.

ఆల్బం: ఏమీ ఊడదీయకముందు పేజీ పేజీ మొత్తంగా ఫొటో తీసుకోండి, పక్కన రాసిన మాటలతో సహా. తర్వాత మైనం పూయని పళ్లదారం (డెంటల్ ఫ్లాస్) ఫొటో మూల కింద దూర్చి రంపంలా అటూ ఇటూ లాగాలి. రాకపోతే వదిలెయ్యండి, పేజీని చుట్టూ కత్తిరించి అలాగే దాచుకోవచ్చు. కొత్త కవర్లు పీవీసీవి కొనొద్దు, పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ అని రాసున్నవి తీసుకోండి.

---

టేపుచక్రం

క్యాసెట్లు ముందు చెయ్యండి, బొమ్మలు ఆగుతాయి, టేపు ఆగదు.

ప్లే చెయ్యకముందే పైఅంచున ఉన్న రెండు ప్లాస్టిక్ నాలుకలు విరిచెయ్యండి, పొరపాటున రికార్డు నొక్కినా చెరగదు. కిటికీలోంచి చూసి, టేపుని నొక్కిపట్టే చిన్న ఫెల్టు ముక్క ఉందో లేదో చూడండి. జిగురు ఎండి అది రాలిపోతే శబ్దం బలహీనంగా, అస్పష్టంగా వస్తుంది. అలాంటప్పుడు టేపుని స్క్రూలున్న కొత్త డబ్బాలోకి మార్చాలి. ప్లేయర్లో టేపుని చదివే హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తో తుడిచి, టేపుని ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటికి తిప్పండి, ఏళ్లతరబడి బిగుసుకున్న పొరలు విడతాయి. మాట మసగ్గా వినిపిస్తే సాధారణంగా టేపు తప్పు కాదు, హెడ్డు కోణం తప్పు. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూని ‘స’, ‘శ’ శబ్దాలు పదునుగా వినిపించేదాకా కొద్దికొద్దిగా తిప్పాలి. ప్రతి క్యాసెట్టుకీ, ప్రతి వైపుకీ ఇది విడిగా చూసుకోవాలి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గంటకి ఒక జీబీ. అసలు ఫైలుమీద నాయిస్ రిడక్షన్ వద్దు. వెనక గిన్నెల చప్పుడు, పిల్లాడి ప్రశ్న, కుర్చీ కిర్రుమనడం కూడా ఆ ఇంటివే. వినడానికి తేలికగా కావాలంటే ఎంపీ3 కాపీలో చేసుకోండి. కథలు కాగితంమీద పెట్టేటప్పుడు ఆవిడ పలికినట్టే రాయండి, పుస్తకభాషలోకి దిద్దకండి. ప్రతి రెండు నిమిషాలకీ సమయం గుర్తు వేస్తే తర్వాత వెతుక్కోవచ్చు.

---

అచ్చుతప్పు

పుస్తకం దగ్గరికి వద్దాం. పైన చెప్పినవన్నీ చేశాక కూడా చాలామంది మూడొందల బొమ్మల్నీ ఎక్కించి బోరు కొట్టిస్తారు. జాబితా వేరు, పుస్తకం వేరు. జాబితాలో అన్నీ ఉండాలి, పుస్తకానికి అరవై డెబ్భై చాలు. వరుస కాలక్రమంలోనే పెట్టండి, కానీ ప్రతి పదేళ్లకీ సమానంగా పేజీలివ్వాలన్న పట్టుదల వద్దు. ఏమీ వెయ్యని ఏళ్లు ఉంటే అదీ ఒక వాక్యంలో చెప్పండి, ఎందుకో తెలిస్తే రాయండి. తయారీ స్కెచ్, పూర్తయిన బొమ్మ రెండూ ఉన్నవి ఎదురెదురు పేజీల్లో వేస్తే వ్యాఖ్యానం అక్కర్లేదు. తెగిన పోగులతో సహా ఒక కుట్టు వెనకవైపు నిండుపేజీలో వెయ్యండి.

కొలతలు ఎత్తు ముందు, వెడల్పు తర్వాత, సెంటీమీటర్లలో. అచ్చులో 20 సెం.మీ. వెడల్పు రావాలంటే ఫైలుకి 2360 పిక్సెళ్లు కావాలి, అంటే 300 పీపీఐ లెక్క. కాగితం మ్యాట్, 130 నుంచి 150 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు). నిగనిగలాడే కాగితంమీద పెన్సిలు బొమ్మలు చచ్చిపోతాయి. పేజీల మొత్తం 16 గుణిజాల్లో ఉంచండి, కుట్టు బైండింగ్ అడగండి. జిగురు బైండింగ్ అయితే పుస్తకం పూర్తిగా పరుచుకోదు, బలవంతంగా తెరిస్తే పేజీలు ఊడతాయి. రెండుపేజీల మీదుగా వేసిన బొమ్మ నడిమి మడతలోకి మింగుకుపోతుంది.

తెలుగు అక్షరాలకి ఒక మాట. యూనికోడ్ ఫాంటు వాడండి, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్లో చేస్తుంటే పేరాగ్రాఫ్ కంపోజర్ ని ‘వరల్డ్ రెడీ’కి మార్చాలి, లేకపోతే ఒత్తులు పక్కకి ఊడిపోతాయి. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల వరుస దూరం ఇవ్వండి, ఒత్తులు కిందివరసని తగలవు. పీడీఎఫ్ చేతికొచ్చాక ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు వెతికి ఒక్కొక్కటీ చూడండి, తప్పులు అక్కడే ముందు బయటపడతాయి.

పంపకం గురించి ఎవరూ చెప్పలేదు. వంతులవారీగా ఎంచుకునేటప్పుడు 1-2-3-4, తర్వాత 4-3-2-1 అని తిరగేస్తే ఆఖరివాళ్లకి అన్యాయం జరగదు. స్కెచ్ పుస్తకాల్ని పేజీలుగా చీల్చి పంచొద్దు. ఎవరి దగ్గర ఏ నంబరుందో పట్టికలో ఒక గడి. బొమ్మ మీ దగ్గరుంటే దాన్ని అచ్చువేసే హక్కు కూడా మీ ఒక్కరిదే అని కాదు: ఆ హక్కు వేరు, వీలునామాలో వేరేగా రాయకపోతే సాధారణంగా వారసులందరిదీ. కాపీరైట్ గురించిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కళాకారులు పోయాక కనీసం 50 ఏళ్లు అది ఉంటుంది, చాలాచోట్ల ఇంకా ఎక్కువ. ‘నలుగురిలో ఎవరైనా, ఏ బొమ్మనైనా, పుస్తకానికో ప్రదర్శనకో వాడుకోవచ్చు’ అని ఒక కాగితంమీద రాసి నలుగురూ ఇప్పుడే సంతకాలు పెట్టండి. మనవల తరం వచ్చేసరికి ఆ సంతకాలకోసం పదిహేనుమందిని వెతకాల్సొస్తుంది.

అచ్చుకి ఇచ్చేముందు కనీసం నాలుగు బొమ్మలకి రంగు ప్రూఫ్ అదే కాగితంమీద తీయించి, అసలు బొమ్మ పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. ఆ నాలుగింటిలో ఒకటి ఎనభై దాటాక వేసిన ఇటుకరంగుది అయ్యుండాలి, ప్రెస్సువాళ్లు అది చూసి ‘రంగు తేడా వచ్చింది’ అనుకుని దిద్దేసే ప్రమాదం ఉంది. ఆ ఫైలు పేరులోనే ‘రంగు మార్చవద్దు’ అని పెట్టెయ్యండి.